లెక్కలు చదవనివారికి తర్కశాస్త్రం రాదా?

హైదరాబాదులోని ఒక విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. తత్త్వశాస్త్రం మొదటి సంవత్సరం చదువుతున్న పాఠకురాలు ఒకరు చాలా వివరంగా ఉత్తరం రాశారు. ఆమెది నాగర్‌కర్నూల్ వైపు ఒక పల్లెటూరు. చదువంతా తెలుగు మాధ్యమంలో సాగింది. డిగ్రీలో చరిత్ర, రాజనీతిశాస్త్రం, తెలుగు సాహిత్యం చదివి, వేమన మీద, బౌద్ధం మీద కలిగిన ఆసక్తితో తత్త్వశాస్త్రంలో చేరారు. మొదటి సెమిస్టర్‌లోనే తర్కశాస్త్ర పరిచయం తప్పనిసరి పేపర్‌గా ఉంది. మొదటి ఇంటర్నల్‌లో 20కి 5 మార్కులు వచ్చాయి. 'ఇది అయితే అది' అన్న సంబంధానికి వేసే సత్యపట్టికలో, అంటే భాగాలు నిజమో అబద్ధమో బట్టి మొత్తం వాక్యం నిజమో కాదో చూపే పట్టికలో, మొదటి వాక్యం అబద్ధమైనప్పుడు మొత్తం నిజమని రాయడం ఆమెకు మింగుడుపడటం లేదు. అబద్ధాల మీద కట్టిన వాదన కూడా 'చెల్లుతుంది' అని పాఠంలో చెప్పడం మరీ కష్టంగా తోచింది. ప్రూఫులు బట్టీపట్టి వెళ్తే, పరీక్షలో అక్షరాలు మారేసరికి చెయ్యి ఆడలేదు. తరగతిలో ఇంటర్‌లో ఎం.పి.సి. చదివినవారు చకచకా చేసేస్తున్నారు. "ఎం.పి.సి. చదివితే ఇది వస్తుంది, నేను చదవలేదు, కాబట్టి నాకు రాదు" అని ఆమె నిశ్చయానికి వచ్చారు.

దసరా సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు వాళ్ల నాన్నగారు, "కొలువు రాకుంటే చదువు దండుగ. ఈ చదువుకు కొలువు రాదు. ఇది దండుగే" అన్నారట. ఆమె బంధువులందరి ముందూ "నీ వాదన చెల్లదు నాన్నా" అనడంతో ఆయన నొచ్చుకుని మాట్లాడటం తగ్గించారు. బంధువుల్లో ఒక తెలుగు పండితుడు, మన ప్రాచీన తర్కసంప్రదాయమైన న్యాయశాస్త్రం ఉండగా ఈ గుర్తుల గొడవ ఎందుకు, అది చదువుకో అంటున్నారు. అన్నగారు బి.ఇడి. చేయమంటున్నారు. గదిలో తోడుగా ఉండే స్నేహితురాలు చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్‌కు చదువుతూ, తనతో వచ్చేయమంటోంది. ఈ పేపర్ వదలాలా, ఎం.ఏ.నే వదలాలా, అసలిది తనకు ఎప్పటికైనా వస్తుందా అని ఆమె ప్రశ్న.

మీ ఉత్తరం శ్రద్ధగా చదివాను. మీరు బాధ చెప్పుకోవడానికే రాశారు కానీ, అందులో మీకు తెలియకుండానే రెండు పూర్తి వాదనలు రాశారు. ఒకటి మీది, రెండోది మీ నాన్నగారిది. రెండింటినీ మీ పాఠం చెప్పే పద్ధతిలోనే పరీక్షిస్తే మీ చిక్కు చాలావరకు విడిపోతుందని నాకు అనిపించింది. తర్కశాస్త్రం ఒక వాక్యం నిజమా కాదా అని మొదట అడగదు. ఈ వాక్యాలు నిజమైతే ఆ వాక్యం నిజం కాక తప్పదా అని అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని మీ మాటల దగ్గరికే వెళ్దాం.

మీ వాదన రూపం ఇది: క అయితే గ. క కాదు. కాబట్టి గ కాదు. ఇదే రూపంలో మరో వాదన చూడండి. ఒక కట్టడం వరంగల్‌లో ఉంటే అది తెలంగాణలో ఉన్నట్టే. చార్మినార్ వరంగల్‌లో లేదు. కాబట్టి చార్మినార్ తెలంగాణలో లేదు. ఇందులో ఆధారవాక్యాలు రెండూ నిజం, ముగింపు మాత్రం పచ్చి అబద్ధం. రూపం ఒకటే కనుక, ఆ రూపం మీద ఆధారపడి ఏ ముగింపునూ నమ్మడానికి వీల్లేదు. మీ పాఠ్యపుస్తకంలో ఈ దోషానికి ఒక పేరు ఉంటుంది, పూర్వాంగాన్ని, అంటే 'అయితే'కు ముందున్న భాగాన్ని, నిరాకరించడం అని. మీరు పరీక్షలో గుర్తించలేకపోయిన దోషాన్నే మీ భవిష్యత్తు మీద ప్రయోగించుకున్నారు.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. వాదన చెల్లదు అంటే ముగింపు అబద్ధమని కాదు. చార్మినార్ బదులు తాజ్‌మహల్ పెట్టి చూడండి: అది వరంగల్‌లో లేదు, తెలంగాణలోనూ లేదు. చెడ్డ రూపం గల వాదన కూడా ఒక్కోసారి నిజమైన ముగింపుకే చేరుతుంది. కాబట్టి మీకు ఈ పేపర్ తప్పకుండా వస్తుందని నేను నిరూపించలేదు. రాదని మీరు చెప్పిన కారణం కారణమే కాదని మాత్రమే చెప్పాను. ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడా మీకు స్పష్టంగా కనిపిస్తే, పరిచయ పాఠంలో అతి ముఖ్యమైన విషయం మీకు అప్పుడే పట్టుబడినట్టు.

మీ మనసులో ఉన్నది బహుశా 'ఎం.పి.సి. చదివితే వస్తుంది' అన్నది కాక 'ఎం.పి.సి. చదివితేనే వస్తుంది' అన్నది అయి ఉంటుంది. 'క అయితే గ' అన్నదాన్ని మీ పాఠంలో క → గ అని బాణంతో రాస్తారు కదా, ఆ ఒక్క 'నే' చేరితే బాణం దిశ తిరిగిపోతుంది. 75 శాతం హాజరు ఉంటేనే పరీక్ష రాయనిస్తారు అన్నప్పుడు, రాయనిచ్చిన ప్రతివారికీ హాజరు ఉందని అర్థం. హాజరు ఉన్న ప్రతివారినీ రాయనిస్తారని కాదు, ఫీజు బాకీ ఉంటే ఆపవచ్చు. 'నే' పెట్టి రాస్తే మీ వాదన చెల్లుతుంది. కానీ అప్పుడు ఆ ఆధారవాక్యం నిజమా అన్న ప్రశ్న వస్తుంది. దాన్ని పడగొట్టడానికి ఎం.పి.సి. చదవకుండా ఈ పేపర్ బాగా రాసిన ఒక్క మనిషి చాలు. తెలుగు, చరిత్ర చదివి వచ్చి ఇందులో చక్కగా రాసినవారికి నేను పాఠం చెప్పాను. మీ సీనియర్లను అడిగితే మీకూ తెలుస్తుంది. ఒకప్పుడు ఉమ్మడి రాష్ట్రంలో పదో తరగతి లెక్కల పుస్తకంలోనే 'ప్రవచనాలు, సమితులు' అన్న పాఠం ఉండేది. ప్రవచనం అంటే ఇక్కడ నిజమో అబద్ధమో చెప్పగల వాక్యం. ఆ తర్వాత ఆర్ట్స్‌లో చేరబోయే పిల్లలు కూడా సత్యపట్టికలు వేసి పాసయ్యేవారు. ఎం.పి.సి. వారికి మీకంటే ఎక్కువగా ఉన్నది ఒక అలవాటు మాత్రమే: గుర్తుకు అర్థం ఏమిటని ప్రతి మెట్టు దగ్గరా ఆగకుండా, నియమం ప్రకారం దాన్ని కదిపే అలవాటు. అది అభ్యాసంతో వచ్చేది.

ఇక మీకు మింగుడుపడని పట్టిక. ఇక్కడ కొందరు "ఇది నిర్వచనం, గుర్తుపెట్టుకోండి" అని ముందుకు వెళ్లిపోతారు. కారణం చెప్పకుండా వెళ్లడం విద్యార్థికి అన్యాయమని నా అభిప్రాయం, ఎందుకంటే కారణం ఉంది. ఒక సంఖ్య 4తో నిశ్శేషంగా భాగింపబడితే అది 2తోనూ భాగింపబడుతుంది అన్న వాక్యాన్ని తీసుకోండి. ఇది ఏ సంఖ్యకైనా నిజమని మీరు ఒప్పుకుంటారు. ఏ సంఖ్యకైనా అన్నాం కనుక 8కీ నిజం, 6కీ నిజం, 7కీ నిజం కావాలి. 8 విషయంలో రెండు భాగాలూ నిజం. 6 విషయంలో మొదటిది అబద్ధం, రెండోది నిజం. 7 విషయంలో రెండూ అబద్ధం. చివరి రెండు వరుసల్లో మొత్తం వాక్యం అబద్ధమని పట్టికలో రాసి ఉంటే, 6ను, 7ను చూపించి ఎవరూ సందేహించని ఒక సామాన్య సత్యాన్ని కొట్టివేయవలసి వచ్చేది. ఆ వాక్యాన్ని నిజంగా దెబ్బతీయగల సంఖ్య ఒకే రకం: 4తో భాగింపబడుతూ 2తో భాగింపబడనిది. అలాంటిది లేదు. పట్టికలో అబద్ధమని ఒక్క వరుసలోనే ఉండటానికి కారణం ఇదే.

మీరు రోజూ ఎక్కే సిటీ బస్సులో ఇదే పట్టిక పనిచేస్తుంది. 2023 డిసెంబరులో మహిళలకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి, జీరో టికెట్ తీసుకుంటే రాష్ట్రంలో నివాసం చూపే గుర్తింపు కార్డు ఉండాలన్నది నియమం. తనిఖీకి ఎక్కిన ఉద్యోగికి నలుగురు మహిళలు కనిపించారనుకోండి. ఒకరి చేతిలో జీరో టికెట్ ఉంది, ఒకరి చేతిలో డబ్బిచ్చి కొన్న టికెట్ ఉంది, ఒకరి చేతిలో గుర్తింపు కార్డు ఉంది, ఒకరు కార్డు తేలేదని ముందే చెప్పారు. నియమం తప్పారో లేదో తెలుసుకోవడానికి ఆ ఉద్యోగి ఎవరెవరిని అడగాలి? జీరో టికెట్ ఉన్నామెను కార్డు చూపమనాలి, కార్డు లేనామెను టికెట్ చూపమనాలి. మిగతా ఇద్దరినీ అడగనక్కర లేదు. డబ్బిచ్చి టికెట్ కొన్నామె దగ్గర కార్డు ఉన్నా లేకున్నా నియమం చెక్కుచెదరదు. ఆమె విషయంలో నియమం 'నిజంగానే' ఉంది. మీరు మోసమనుకున్న వరుస ఇదే.

1966లో పీటర్ వాసన్ అనే మనస్తత్వవేత్త ఇలాంటి ప్రశ్ననే నాలుగు కార్డులతో ప్రసిద్ధం చేశాడు. ఒకవైపు అచ్చు ఉంటే రెండోవైపు సరిసంఖ్య ఉండాలని నియమం. నాలుగు కార్డుల మీద ఒక అచ్చు, ఒక హల్లు, ఒక సరిసంఖ్య, ఒక బేసిసంఖ్య కనిపిస్తాయి. ఏవి తిప్పి చూడాలని అడిగితే, బాగా చదువుకున్నవారు కూడా ఎక్కువమంది అచ్చును, సరిసంఖ్యను ఎంచుకున్నారు. తిప్పవలసింది అచ్చును, బేసిసంఖ్యను. అదే ప్రశ్నను జనం రోజూ ఎరిగిన నియమంతో అడిగితే చాలామంది సరిగా చెప్పగలిగారని తర్వాతి పరిశోధకులు చూపించారు. ఇది మీ చదువుకు నేరుగా పనికివచ్చే సంగతి. అక్షరాలు, బాణాలు మాత్రమే ఉన్న లెక్క ఎదురైనప్పుడు, అక్షరాల స్థానంలో మీకు తెలిసిన తెలుగు వాక్యాలు పెట్టి ఒకసారి చదవండి. అర్థమయ్యాక మళ్లీ అక్షరాలకు రండి.

మీ అసంతృప్తి పూర్తిగా అపోహ మాత్రం కాదు. తెలుగులో 'వాన పడితే రోడ్లు మునుగుతాయి' అన్నప్పుడు మనం ఒక కార్యకారణ సంబంధం చెబుతున్నాం. 'నువ్వు నిన్న వచ్చి ఉంటే బాగుండేది' అన్నప్పుడు జరగనిదాన్ని ఊహిస్తున్నాం. పట్టికలోని బాణం వీటన్నిటినీ మోయదు. వీటిలోంచి, మొదటిది నిజమై రెండోది అబద్ధం కాకూడదన్న కనీసపు భాగాన్ని మాత్రమే ఉంచుకుంటుంది. అంతమాత్రం చాలునా అన్న చర్చ ప్రాచీన గ్రీకుల్లో ఫిలో, డయొడోరస్‌ల మధ్యే నడిచింది. 1912లో సి.ఐ. లూయిస్ అనే అమెరికన్ తత్త్వవేత్త ఈ బాణం సరిపోదని రాశాడు. ఆ అసంతృప్తి నుంచే 'తప్పనిసరి', 'సాధ్యం' అన్న భావాలను పరిశీలించే ఆధునిక మోడల్ లాజిక్‌కు దారి పడింది. కాబట్టి మీ అభ్యంతరాన్ని చెరిపేయకండి, నోట్సులో ఒక పక్కన రాసి ఉంచుకోండి. పరీక్షలో పట్టిక ప్రకారం రాయండి. తర్వాతి సెమిస్టర్లలో డిసర్టేషన్‌కు అంశం వెతుక్కునే వేళ ఆ పేజీ పనికిరావచ్చు.

అబద్ధాల మీద కట్టిన వాదన ఎలా చెల్లుతుందన్న మీ రెండో ప్రశ్నకు కూడా జవాబు దగ్గర్లోనే ఉంది. సముద్రతీరంలోని నగరాలన్నీ రాష్ట్ర రాజధానులు. హైదరాబాదు సముద్రతీరంలో ఉంది. కాబట్టి హైదరాబాదు రాష్ట్ర రాజధాని. ఆధారవాక్యాలు రెండూ అబద్ధం, ముగింపు నిజం, వాదన చెల్లుతుంది. ఎందుకంటే ఆ రెండూ నిజమయ్యే లోకం ఏదైనా ఉంటే అందులో మూడోది నిజం కాక తప్పదు. ఇలాంటి వాదనను నమ్మమని తర్కశాస్త్రం ఎప్పుడూ చెప్పదు. రూపం సరిగా ఉందా, ఆధారాలు నిజమా అన్న రెండు పరీక్షలను విడదీయమని చెబుతుంది. రెండింటా నెగ్గిన వాదననే నమ్మదగినదిగా లెక్కిస్తుంది. విడదీయడం ఎందుకంటే, ఒక వాదన ఎక్కడ చెడిందో తెలియకపోతే దాన్ని ఎక్కడ బాగుచేయాలో కూడా తెలియదు.

మీ పండిత బంధువు మాట ఇక్కడే ప్రస్తావించాలి. ఆయన చెప్పిన న్యాయశాస్త్రం నిస్సందేహంగా గొప్ప సంప్రదాయం, అందులోనూ మనవారి పాత్ర చిన్నది కాదు. 17వ శతాబ్దంలో తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడని ప్రసిద్ధి. కాశీకి వెళ్లినంత మాత్రాన ఎవరూ అన్నంభట్టు అయిపోరన్న నానుడి ఆయన మీద పుట్టిందే. కొండ మీద నిప్పు ఉంది, పొగ ఉన్నందువల్ల, ఎక్కడెక్కడ పొగ ఉంటుందో అక్కడక్కడ నిప్పు ఉంటుంది, వంటింట్లో వలె, ఈ కొండా అలాంటిదే, కాబట్టి కొండ మీద నిప్పు ఉంది. ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం అని అయిదు అవయవాలు. ఇదే వాదనను తలకిందులు చేసి, నిప్పు ఉంది కనుక పొగ ఉందంటే నైయాయికుడు ఒప్పుకోడు. ఎర్రగా కాల్చిన ఇనుప గుండులో నిప్పు ఉంటుంది, పొగ ఉండదు. నిప్పు నుంచి పొగ రావాలంటే తడి కట్టె తోడు కావాలి, దాన్ని ఉపాధి అంటారు. బాణాన్ని వెనక్కి తిప్పకూడదని మీ పాఠం చెబుతున్న సంగతినే వాళ్లు ఇంత కూలంకషంగా చర్చించారు.

కానీ రెండు శాస్త్రాలు అడిగే ప్రశ్నలు వేరు. న్యాయశాస్త్రానికి అనుమానం (సందేహం కాదు, హేతువును బట్టి తెలుసుకోవడం) ఒక ప్రమాణం, అంటే నిజమైన జ్ఞానానికి సాధనం. అక్కడ అబద్ధపు హేతువుతో చేసిన అనుమానం హేత్వాభాసే, అంటే హేతువులా కనిపించే దోషమే, అవుతుంది కానీ 'రూపం మాత్రం చెల్లుతుంది' అన్న మాటకు చోటు లేదు. అబద్ధాల మీద కట్టిన వాదన అంటే మీకు కలిగిన ఇబ్బంది నైయాయికుడికీ కలుగుతుంది. ఆ కోణంలో మీ మనసు ఆ శాస్త్రానికి దగ్గరగా ఉందని నాకు అనిపిస్తోంది. అయితే అది తేలిక దారి అనుకుని వెళ్లకండి. 14వ శతాబ్దపు పండితుడు గంగేశుడి తర్వాత నవ్యన్యాయంలో, అంటే న్యాయశాస్త్రపు కొత్త శాఖలో, పెరిగిన పరిభాష చూస్తే ఈ గుర్తులే నయమనిపించవచ్చు. పైగా చాలామంది పరిశోధకులు ఇవాళ నవ్యన్యాయాన్ని ఆధునిక తర్కపు గుర్తుల సాయంతోనే వివరిస్తున్నారు. ఇష్టంతో ఎంచుకుంటే మీకు మంచి విషయం అవుతుంది. ఈ పేపర్ తప్పించుకోవడానికి ఎంచుకుంటే ఇదే కష్టం సంస్కృతంలో ఎదురవుతుంది.

ప్రూఫుల విషయానికి వస్తే, బట్టీపట్టడం మీ నిజమైన అడ్డంకి, లెక్కల లేమి కాదు. పుస్తకంలో ప్రూఫ్ పైనుంచి కిందికి అచ్చయి ఉంటుంది. చేసినవారు మాత్రం ఎక్కువగా కిందినుంచి పైకి ఆలోచించి ఉంటారు, ఆ ఆలోచన అచ్చులో కనిపించదు. మచ్చుకు, క → గ, గ → చ అన్న రెండింటి నుంచి క → చ రాబట్టాలి. ముందు చివరి వరుస చూడండి. అది బాణం గల వాక్యం. బాణం గల వాక్యాన్ని నిరూపించాలంటే, ఎడమవైపు ఉన్న క నిజమని తాత్కాలికంగా అనుకుని, కుడివైపు ఉన్న చ వరకు చేరాలి. ఇప్పుడు చ కావాలి. అది ఎక్కడ దొరుకుతుంది? గ → చ లో, గ ఉంటే. గ ఎక్కడ దొరుకుతుంది? క → గ లో, క ఉంటే. క మన చేతిలో ఉంది. ఇప్పుడు పైనుంచి కిందికి రాసేయండి, చివర్లో ఆ తాత్కాలిక ఊహను విడుదల చేయండి. ఇక్కడ గుర్తుపెట్టుకోవలసింది ఏమీ లేదు, అడగవలసిన ప్రశ్న ఒక్కటే: నాకు ఇప్పుడు ఏం కావాలి, అది ఎక్కడ దొరుకుతుంది? 1934లో జర్మన్ తర్కవేత్త గెర్హార్డ్ గెంట్‌జెన్ రూపొందించిన సహజ నిగమన పద్ధతిలో ప్రతి సంయోజకానికీ, అంటే 'అయితే', 'మరియు', 'లేదా' వంటి కలిపే మాటకూ, దాన్ని తెచ్చే నియమం, తీసేసే నియమం అని జతగా ఉండటం ఈ ప్రశ్నకు బాగా సరిపోతుంది. మీ విభాగంలో నేర్పే నియమాల జాబితా వేరైనా ఈ అలవాటు పనికివస్తుంది.

ఏ నియమంతో మొదలుపెట్టాలో ఎవరూ చెప్పడం లేదని రాశారు. ఇప్పుడు మీరు చదువుతున్న ప్రవచన తర్కంలో యాంత్రికమైన పద్ధతి ఉంది, అది సత్యపట్టికే. రెండు అక్షరాలకు 4 వరుసలు, మూడింటికి 8, పదింటికి 1024. పొడుగైపోతుంది కానీ తప్పకుండా జవాబు చెబుతుంది. సెమిస్టర్ రెండో భాగంలో వచ్చే 'ప్రతి ఒక్కటి', 'కనీసం ఒకటి' అన్న పరిమాణకాల తర్కంలో మాత్రం, ఏ వాదన చెల్లుతుందో అన్ని సందర్భాల్లోనూ తేల్చగల యాంత్రిక పద్ధతి ఉండదని 1936లో అలొంజో చర్చ్, అలన్ ట్యూరింగ్ వేర్వేరుగా నిరూపించారు. అందువల్ల ప్రూఫ్ ఎక్కడ మొదలుపెట్టాలో తోచక కాసేపు తడబడటం మందబుద్ధికి గుర్తు కాదు, ఆ శాస్త్రంలోనే ఉన్న లక్షణం. ఎం.పి.సి. చదివిన మీ సహాధ్యాయులకూ అక్కడ తడబాటు తప్పదు. పరిమాణకాలను మొదట గుర్తుల్లో పెట్టిన గొట్లోబ్ ఫ్రేగే 1879లో తన పుస్తకం అచ్చువేస్తే, ఆ గుర్తులు చాలా అసౌకర్యంగా ఉన్నాయని ఆనాటి సమీక్షకులే ఆక్షేపించారు. గుర్తులు చూసి బెదరడం మీతో మొదలైంది కాదు.

ఇప్పుడు మీ నాన్నగారి వాదన. కొలువు రాకుంటే చదువు దండుగ. ఈ చదువుకు కొలువు రాదు. కాబట్టి ఇది దండుగ. అమ్మా, ఈ వాదన చెల్లుతుంది. క అయితే గ, క నిజం, కాబట్టి గ నిజం. మీ పుస్తకంలో మొట్టమొదటి నియమం ఇదే. "నీ వాదన చెల్లదు" అన్న మాట తర్కం ప్రకారం కూడా తప్పే, నలుగురిలో అనడం వల్ల కలిగిన నొప్పి సరేసరి. ఆయనతో విభేదించడానికి మీకు పూర్తి హక్కు ఉంది, కానీ విభేదించవలసిన చోటు రూపం కాదు, ఆధారవాక్యాలు. వాటిలో రెండోది వాస్తవానికి సంబంధించింది, దాన్ని వాస్తవాలతోనే మాట్లాడాలి. తత్త్వశాస్త్రం ఉన్న కళాశాలలు తక్కువ, అధ్యాపక పోస్టులూ తక్కువ, అది దాచవద్దు. అధ్యాపకుల అర్హత పరీక్ష అయిన యు.జి.సి. నెట్ రాసి జె.ఆర్.ఎఫ్. (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకుంటే పరిశోధన చేస్తున్న కాలంలో ఫెలోషిప్ వస్తుంది, అదీ చెప్పండి. ఏ సబ్జెక్టు వారైనా రాయవలసిన నెట్ మొదటి పేపర్‌లోని 10 యూనిట్లలో ఒకటి తార్కిక వివేచన. అందులో వాదనల నిర్మాణంతో పాటు ప్రమాణాలు, వ్యాప్తి (పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుందన్న లాంటి విడదీయరాని సంబంధం), హేత్వాభాసలు కూడా ఉన్నాయి. మీ స్నేహితురాలు చిక్కడపల్లిలో రీజనింగ్ పేరుతో అభ్యాసం చేస్తున్న ప్రశ్నల్లో కొన్ని మీ పేపర్‌లోవే. 1937లో క్లాడ్ షానన్ తన మాస్టర్స్ థీసిస్‌లో నిజం, అబద్ధాలను 1, 0లుగా లెక్కించే బూల్ బీజగణితంతో స్విచ్‌ల సర్క్యూట్లను రూపొందించవచ్చని చూపిన నాటి నుంచి కంప్యూటర్ల నిర్మాణానికీ ఇదే పునాది. అయితే దీన్ని బట్టి మాదాపూర్‌లో ఉద్యోగం వస్తుందని ఆయనకు ఆశ పెట్టకండి, ఆ దారికి వేరే చదువు కావాలి.

మొదటి ఆధారవాక్యం, ఉద్యోగం రాకపోతే చదువు దండుగ అన్నది, విలువలకు సంబంధించింది. దాన్ని సత్యపట్టిక తేల్చలేదు. మిమ్మల్ని పట్నంలో హాస్టల్‌లో ఉంచి చదివిస్తున్న మనిషి ఆ మాట అన్నప్పుడు, అందులో డబ్బు గురించిన భయం, మీ గురించిన దిగులు ఉంటాయి. ఒంటరిగా ఉన్నప్పుడు ఫోన్ చేసి, "నాన్నా, అందరి ముందు అలా అనకుండా ఉండాల్సింది, నీ మాటలో తప్పు లేదు, కానీ కొలువు రాదన్నది ఎంతవరకు నిజమో నేను కనుక్కుని చెబుతాను" అంటే ఆయన వింటారని నేను అనుకుంటున్నాను. వినకపోయినా, మాట్లాడవలసిన విషయం ఏమిటో ఇద్దరికీ తెలుస్తుంది.

మీ ముందున్న దారులు చూద్దాం. ఈ పేపర్‌ను ఈ సెమిస్టర్‌లోనే కొనసాగించడం ఒకటి. 20కి 5 వచ్చినా, రెండో ఇంటర్నల్, సెమిస్టర్ పరీక్ష ఉన్నాయి, మార్కుల్లో ఎక్కువ భాగం ఇంకా మిగిలే ఉంది. ఇందుకు మీరు చెల్లించవలసిన మూల్యం సమయం. రోజూ ఒక గంట, కాగితం మీద, పుస్తకం మూసి. మిగతా పేపర్లకు ఆ మేరకు సమయం తగ్గుతుంది. ఇంగ్లీషు పుస్తకం చదవడానికి పట్టే ఆలస్యం కూడా లెక్కలో వేసుకోండి, కానీ ప్రూఫులకు భాష తక్కువే కావాలి. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో, వెనక జవాబులున్న తర్క అభ్యాసాల పుస్తకం ఏదైనా చౌకగా దొరికితే తీసుకోండి. మీకు కావలసింది ఎక్కువ సిద్ధాంతం కాదు, ఎక్కువ లెక్కలు.

ఇప్పుడు వదిలి తర్వాత బ్యాక్‌లాగ్‌గా రాయడం ఇంకో దారి. అనారోగ్యమో ఇంటి అవసరమో ఉంటే అది సబబే. అవి లేకుండా వాయిదా వేస్తే చిక్కు ఉంది. ఇందులో ప్రతి వారం పాఠం కిందటి వారం పాఠం మీద నిలబడుతుంది. ఏడాది తర్వాత పుస్తకం తెరిస్తే మళ్లీ మొదటి బాణం దగ్గరే మొదలుపెట్టాలి, అప్పుడు పక్కన తరగతి ఉండదు. మీ విభాగంలో బ్యాక్‌లాగ్ నియమాలు, అవి స్కాలర్‌షిప్ మీద చూపే ప్రభావం ఆఫీసులో అడిగి తెలుసుకోకుండా ఈ దారి ఎంచుకోకండి.

ఎం.ఏ. మానేసి బి.ఇడి.కి వెళ్లడం, లేదా గ్రూప్స్‌లో దిగడం మూడో దారి. పిల్లలకు సాంఘికశాస్త్రం చెప్పడం మీకు ఇష్టమైతే బి.ఇడి. మంచి చదువు, మీ అన్నగారి మాటలో తప్పేమీ లేదు. రెండేళ్ల కోర్సు, ఎడ్‌సెట్ రాయాలి, ఎం.ఏ. అయ్యాక కూడా ఆ తలుపు తెరిచే ఉంటుంది. గ్రూప్స్ నోటిఫికేషన్ ఎప్పుడు వస్తుందో, ఫలితం ఎప్పుడు తేలుతుందో ఎవరి చేతిలోనూ ఉండదు, డిగ్రీ చేతిలో ఉంచుకుని ఎదురుచూడటానికీ లేకుండా ఎదురుచూడటానికీ తేడా ఉంది. ఈ మూడో దారి ఎంచుకుంటే, మీకు ఏది ఇష్టమో దాన్ని బట్టి ఎంచుకోండి. 'నాకు తర్కం రాదు' అన్న ముగింపును బట్టి ఎంచుకోవద్దు, ఆ ముగింపుకు మీ దగ్గర ఇంకా ఆధారం లేదు.

ఆ ఆధారం అటో ఇటో సమకూర్చుకునే మార్గం మాత్రం మీ చేతిలో ఉంది. దిద్దిన ఇంటర్నల్ పేపర్ తీసుకుని మీ అధ్యాపకుల దగ్గరికి వెళ్లండి. "నాకు అర్థం కాలేదు" అనకుండా, ఏ వరుస వరకు చేశారో, ఏ వరుస దగ్గర ఏం కావాలో తెలిసి అది ఎక్కడ దొరుకుతుందో తోచలేదో వేలుపెట్టి చూపించండి. అలా అడిగిన విద్యార్థికి సమాధానం చెప్పకుండా పంపే అధ్యాపకులు అరుదు. రెండో ఇంటర్నల్ వరకు వెనకనుంచి ఆలోచించే పద్ధతిలో సాధన చేసి, అప్పటికీ మార్పు లేకపోతే, మీరు ఆగిపోయిన పేజీ ఒకటి నాకు పంపండి. దాన్ని ముందు పెట్టుకుని, ఈ పేపర్ ఉంచుకోవాలా వదులుకోవాలా అన్నది మళ్లీ మాట్లాడుకుందాం.